మాంబళం తాతయ్యగారి సంవత్సరీకం: ఆయన ఆటలను ఎలా గుర్తు చేసుకుందాం?

మాంబళం మనవరాలు:

మా తాతయ్యగారు స్వర్గస్థులై వచ్చే కార్తిక మాసానికి ఏడాది నిండుతుంది. వెస్ట్ మాంబళంలోని మా ఇంటికి ఆదివారం సాయంత్రాలు వచ్చి పచ్చీసో, పిలిచిన అంకెలను టికెట్టు మీద కొట్టేసే తంబోలానో ఆడి, కాఫీ తాగి వెళ్లినవాళ్లు ఈ వేదికలో చాలామంది ఉన్నారు. అందుకే ఇంట్లో మాలో మేము తేల్చుకోలేకపోతున్న ఒక విషయాన్ని మీ ముందు పెడుతున్నాను. సంవత్సరీకం శాస్త్రోక్తంగా జరుగుతుంది, అందులో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఆ సందర్భంలో బంధుమిత్రులంతా ఒకచోట చేరినప్పుడు ఆయన పద్ధతిలో ఒక తంబోలా ఆడాలని మనవలందరం అనుకుంటున్నాం. పెద్దలలో కొందరికి ఆ ఆలోచన మనసుకు పట్టడం లేదు.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. తాతయ్య సరదా మనిషి అని పరామర్శకు వచ్చినవాళ్లందరూ అన్నారు. ఆ మాట నిజమే అయినా విన్నప్పుడల్లా నాకు ఏదో వెలితిగా తోచేది, ఎందుకంటే నలుగురినీ నవ్వించడానికి ఆయన ఎంత పాటుపడేవారో అందులో కనిపించదు. ప్యారీస్ కార్నర్‌లో కాగితాల టోకు వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉద్యోగ జీవితమంతా లెక్కలు రాసిన మనిషి, ఇంట్లో ఆటలకు కూడా ఒక పద్దు పుస్తకం పెట్టుకున్నారు. పొడవాటి ఎర్ర అట్ట పుస్తకం అది. ఎడమ పేజీలో ఆ వారం వచ్చినవాళ్లు, కుడి పేజీలో రానివాళ్లు, వాళ్ల ఎదురుగా కారణం. ఒకచోట ఇలా ఉంది: ‘సైదాపేట అక్కయ్య, మోకాళ్లు. మూడు వారాలు. పచ్చీసు గుడ్డ పట్టుకుని మనమే వెళ్లాలి.’ ఇంకోచోట: ‘అరుంబాక్కం అబ్బాయికి ఉద్యోగం పోయింది. బహుమతులు లేని ఆట పెట్టాలి. అందరికీ ఒకటే ఫలహారం.’

ఆయన తంబోలాలో అంకెలకు చెప్పే మాటలు మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేవు, అవన్నీ ఆయన నోటనే ఉండేవి. మీకు గుర్తున్నవి ఇక్కడ రాయండి, ఒకచోట చేర్చి పెట్టాలని ఉంది. ఆటల సంగతులు కూడా రాయండి.

బెంగళూరు మనవడు:

అక్కా, నేను మొదలుపెడతాను. సెలవులకు బెంగళూరు నుంచి వచ్చే మా అందరికీ తాతయ్య తంబోలాయే పెద్ద పండుగ. ఆయన సంచీలోంచి చెక్క బిళ్ల తీసి, దాన్ని అరచేతిలో దాచుకుని, అంకె చెప్పకుండా ముందు మాట చెప్పేవారు. ఆ మాటను బట్టి అంకెను మేమే పట్టుకోవాలి. 3 అంటే త్రిమూర్తులు, 7 అంటే ఏడుకొండలు, ఇవి చంటిపిల్లల కోసం. 12 అంటే ఆళ్వార్లు. 21 అంటే వినాయకుడి పత్రి. 27 నక్షత్రాలు, 64 కళలు, 72 మేళకర్తలు. 63 వచ్చినప్పుడు ‘మైలాపూరు!’ అని కేక వేసేవారు. కపాలీశ్వరుడి ఉత్సవంలో శివభక్తులైన అరవై ముగ్గురు నాయనార్లు ఊరేగడం చూసిన పిల్లలు వెంటనే అందుకునేవారు, చూడని నన్ను ఆ మరుసటి తమిళ పంగుని నెలలో చూడటానికి రమ్మని ఆయన ప్రత్యేకంగా ఉత్తరం రాశారు. 29 అంటే పెరంబూరు నుంచి బెసంట్ నగర్ వెళ్లే 29సి బస్సు. 60 అంటే ‘అక్షయ’, వెంటనే 61 వస్తే ‘మళ్లీ ప్రభవ’. నాకు తెలుగు సంవత్సరాలు అరవై అని, అవి తిరిగి మొదలవుతాయని తెలిసింది ఆ ఆటలోనే. ఇక 88 వచ్చిందంటే పిల్లలందరం ఆయన నోరు తెరవకముందే ‘నాలుగు సున్నుండలు’ అని అరిచేవాళ్లం, ఎందుకంటే ఆ అంకెలో నాలుగు గుండ్రాలు ఉన్నాయి.

టికెట్లు కూడా ఆయనే రాసేవారు. దుకాణంలో కత్తిరించగా మిగిలిన కాగితపు ముక్కల మీద గీతలు గీసి, వరుసకు అయిదు అంకెల చొప్పున మూడు వరుసలు, గుమాస్తా దస్తూరిలో ముత్యాల్లా ఉండేవి. ఎవరి టికెట్లో ఏ అంకెలున్నాయో ఆయనకు తెలుసునని మాకు అప్పుడు తట్టలేదు. మొన్న అక్క ఆ పద్దు పుస్తకంలో నా పేరున్న పుట ఫొటో తీసి పంపింది. ‘బెంగళూరు వాడికి రెండు వారాలుగా ఏమీ రాలేదు. ఈ వారం పై వరుస’ అని ఉంది. నాకు అదృష్టం బాగుందని చిన్నప్పుడు ఊరంతా చెప్పుకుని తిరిగాను. ఆ అదృష్టాన్ని ఒకరు ముందు రోజు రాత్రి కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, పెన్సిలుతో రాసి పెట్టారన్న సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన మీద నాకున్న ప్రేమ ఇంకా పెరిగింది.

చిన్నకొడుకు:

నాన్నగారు 86కు ‘చేపాక్’ అనేవారు. దాని వెనుక ఉన్న కథ నాది కూడా కనుక రాస్తున్నాను.

1986 సెప్టెంబరు 22, సోమవారం. చేపాక్ స్టేడియంలో భారత్, ఆస్ట్రేలియా టెస్టు అయిదో రోజు. నాకు పదకొండేళ్లు. బడికి కడుపునొప్పి అని చిట్టీ రాయమని నేను బతిమాలితే ఆయన ఒప్పుకోలేదు. ‘మా అబ్బాయిని క్రికెట్ మ్యాచ్‌కు తీసుకువెళుతున్నాను, దయచేసి అనుమతించవలసింది’ అని ఉన్నమాట రాసి, కింద సంతకం చేసి ఇచ్చారు. ఆయన కూడా దుకాణంలో జీతం కోతతో సెలవు పెట్టారు. భారత్ గెలుపుకు 348 పరుగులు కావాలి. ఆఖరి ఓవర్లో రవిశాస్త్రి ఒక పరుగు తీసి స్కోర్లు సమం చేశాడు, అటువైపు నుంచి మణీందర్ సింగ్ వచ్చి, మరొక్క బంతి మిగిలి ఉండగా గ్రెగ్ మాథ్యూస్ బంతికి ఎల్బీడబ్ల్యూ అయ్యాడు. 347కు అందరూ అవుట్. మ్యాచ్ టై.

మనవాళ్లు గెలవలేదని నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆయన నన్ను ఊరుకోబెట్టలేదు, ఏడవనిచ్చారు. ట్రిప్లికేన్ వీధుల్లో నడిపించుకుంటూ రత్న కేఫ్‌కు తీసుకువెళ్లి, సాంబారులో మునిగిన ఇడ్లీ నా ముందు పెట్టిన తర్వాత అప్పుడు చెప్పారు: టెస్టు క్రికెట్లో ఇలా జరగడం ఇది రెండోసారి, మొదటిది 1960లో బ్రిస్బేన్‌లో, ఈ రోజు ఆ స్టేడియంలో కూర్చున్నవాళ్లం ఎంత పుణ్యం చేసుకున్నామో నీకు పెద్దయ్యాక తెలుస్తుంది, అని. ఆ రాత్రి ఇంట్లో వసారాలో చింతగింజలను ఫీల్డర్లుగా పేర్చి ఆఖరి ఓవరు మొత్తం మళ్లీ ఆడించారు. మా అమ్మతో సహా ఇంటిల్లిపాదీ తలా ఒకసారి మణీందర్ సింగ్ కావలసి వచ్చింది. ఒక్కరు కూడా ఆ బంతిని ఆడలేకపోయారు, ఆడనిచ్చేవారు కారు.

దుఃఖం వచ్చినవాడిని ముందు దుఃఖపడనివ్వాలని, తర్వాత ఆకలి తీర్చాలని, ఆట ఆ పైనే అని ఆయనకు ఒక వరుస ఉండేది. అందుకే అమ్మాయీ, తంబోలా వద్దని నేను అనను గానీ, ఆ వరుస తప్పకూడదని మాత్రం అంటాను.

పెద్దకోడలు:

అందరూ ఆయన గురించి రాస్తున్నది చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లుతున్నాయి. కానీ నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దాన్ని కనుక, వంటింటి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఆదివారానికి పాతికమంది వచ్చే ఇంట్లో, ఆ పాతికమందికీ ఫలహారం ఎవరు చేశారు? మా అత్తయ్యగారు. ఉదయం పప్పు నానబోసి, మధ్యాహ్నం రుబ్బి, సాయంత్రం మూకుడు ముందు నిలబడి గారెలు వేసిన చేతులు ఆవిడవి. లోపల ఆవిడ ఏ అంకె వచ్చిందో వినడానికి మూకుడు కింద మంట తగ్గించుకున్న సందర్భాలు నాకు తెలుసు. ఆయన మంచితనాన్ని కీర్తించేటప్పుడు ఆ శ్రమ కూడా పద్దులో ఎక్కాలి.

మామయ్యగారికి ఇది తెలియదని నేను అనడం లేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం అత్తయ్యగారు జ్వరంతో పడుకుంటే, ఆయన వచ్చినవాళ్లందరినీ వసారాలో కూర్చోబెట్టి, ‘ఈ రోజు ఆట వంటింట్లో’ అని ప్రకటించి, మగవాళ్లందరి చేతా ఉల్లిపాయలు తరిగించారు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టారు. ఆట ముగిశాక గ్లాసులు, పళ్లేలు ఆయనే కడిగేవారు. ‘పొద్దున్నే వచ్చే పనిమనిషికి మన సరదా బరువు కాకూడదు’ అనేవారు. రాత్రి పదకొండు గంటలకు దొడ్డివైపు కుళాయి దగ్గర పంచె పైకి కట్టుకుని, స్టీలు గ్లాసులను చింతపండు పిప్పితో తోముతూ కూర్చునే ఆయన రూపమే నాకు ముందు గుర్తుకు వస్తుంది.

కనుక నా అభ్యంతరం ఆట మీద కాదు. ఆ రోజు అత్తయ్యగారు మళ్లీ వంటింట్లో నిలబడే పరిస్థితి వస్తే మాత్రం నేను ఒప్పుకోను.

పానగల్ పార్కు మిత్రుడు:

మీ తాతగారూ నేనూ దాదాపు ఒకే ఈడువాళ్లం. ఆయన కావలి పక్క పల్లె నుంచి 1955లో పంతొమ్మిదేళ్ల వయసులో మద్రాసు వచ్చారు. అది ఎలాంటి కాలమో ఇప్పటి పిల్లలకు తెలియాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలుకు వెళ్లింది, మద్రాసు ఇటు ఉండిపోయింది. తెలుగు ఉద్యోగులు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతున్న రోజుల్లో ఈయన ఎదురు వచ్చారు. ఆ తర్వాత సినిమా పరిశ్రమ మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలింది. వడపళని, సాలిగ్రామం వైపు ఉన్న మా స్నేహితులు, కెమెరా సహాయకులు, మేకప్ పనివాళ్లు, రికార్డింగు స్టూడియోలలో వాద్యాలు వాయించేవాళ్లు, ఒక్కొక్క కుటుంబమే ఇల్లు ఖాళీ చేసి వెళుతూ ఉంటే, ప్రతి ఏడాదీ వీడ్కోలు చెప్పడానికి సెంట్రల్ స్టేషనుకు వెళ్లడమే మాకు పని అయింది.

ఆదివారం ఆటలు మొదలైంది ఆ కాలంలోనే. పార్కు బెంచీ మీద కూర్చుని ఆయన ఒకసారి నాతో అన్నది ఇప్పటికీ చెవిలో ఉంది: ‘పెళ్లికో చావుకో కలుద్దామని కూర్చుంటే మనం ఒకరినొకరం మరిచిపోతాం. ఏమీ లేకపోయినా కలవడానికి ఒక వంక కావాలి.’ అలా మొదలైన వంక పేకాట. దాన్ని ఆయన అందరిలాగే చతుర్ముఖ పారాయణం అనేవారు గానీ, డబ్బు పెట్టి ఒక్కనాడూ ఆడలేదు, ఆడనివ్వలేదు. చింతగింజలే మా నాణాలు. ఒక పెద్దమనిషి రూపాయి తీసి చాప మీద పెట్టినప్పుడు, ఆయన ఆ రూపాయిని రెండు చేతులతో తీసి కళ్లకద్దుకుని, దేవుడి గూట్లో హుండీలో వేసి, ‘స్వామివారికి మీ పేరు చెప్పాను’ అన్నారు. ఆ పెద్దమనిషి నొచ్చుకోలేదు, మరుసటి ఆదివారం చింతగింజలతో వచ్చాడు. ఒకరిని దిద్దినప్పుడు కూడా వాళ్ల మర్యాదకు దెబ్బ తగలకుండా చూడటం ఆయనకు తెలిసినట్లు ఇంకెవరికీ తెలియదు.

పిల్లలను పార్కుకు తీసుకువస్తే, ఈ పార్కు పేరు 1920లలో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రథమ మంత్రిగా చేసిన పానగల్ రాజా పేరు మీద వచ్చిందని, ఆయన కాళహస్తి ప్రాంతపు తెలుగువాడని చెప్పి, వెంటనే దానిమీద పరుగుపందెం పెట్టేవారు. మొదట వచ్చినవాడు రాజా, రెండోవాడు మంత్రి.

ఈ మధ్యే చేరిన సభ్యుడు:

ఆయనను నేను చూడలేదు. మా నాన్నగారు పోయి నాలుగు నెలలయింది, ఆయన కూడా ఇలాంటి మనిషే. ఇంట్లో ఎవరం ఆయన మాట ఎత్తలేక ఉన్నాం. ఇది చదివాక ఈ రోజు అమ్మ దగ్గర కూర్చుని ఆయన చేసిన అల్లరి ఒకటి అడిగాను, ఆవిడ గంటసేపు చెప్పింది. మీ అందరికీ కృతజ్ఞతలు.

మూడో అంతస్తు వాళ్లం:

మేము తరాలుగా తమిళనాట ఉన్న తెలుగువాళ్లం, మా ఇంటి తెలుగులో సగం తమిళమే. అలా మాట్లాడితే నవ్వుతారేమోనని మా అమ్మ మొదట్లో వాళ్లింటికి రావడానికి వెనుకాడేది. తాతగారు ఒక్కసారి కూడా ఆవిడ మాటను సవరించలేదు. చందమామ 1947లో తెలుగులోనూ తమిళంలోనూ మొదలైన పత్రిక కదా, ఆయన దగ్గర పాత తెలుగు సంచికలు, మా దగ్గర అంబులిమామా సంచికలు ఉండేవి. ఒకే బొమ్మ ఉన్న పుటలు రెండూ పక్కపక్కన పెట్టి, బేతాళ కథను ఆయన తెలుగులో ఒక పేరా, మా అమ్మ తమిళంలో ఒక పేరా చదివేవారు. మేడ మీది పిల్లలందరికీ రెండు భాషలూ అలా వచ్చాయి.

2015 డిసెంబరు వరదల సంగతి రాయకపోతే తప్పవుతుంది. అడయారు పొంగి, కింది అంతస్తులోకి నీళ్లు వచ్చి, కరెంటు పోయి, ఫోన్లు మూగబోయినప్పుడు కింది ఇళ్లవాళ్లందరూ పై అంతస్తుల్లో తలదాచుకున్నారు. అప్పటికి ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్లు. చంటిపిల్లలు భయపడి ఏడుస్తుంటే, మెట్ల మీద కొవ్వొత్తి పెట్టి పద్యాల అంత్యాక్షరి ఆరంభించారు. తెలుగు పద్యం రానివాళ్లు తిరుక్కురళ్ చెప్పవచ్చు, అదీ రానివాళ్లు కూరగాయల పేరు చెప్పవచ్చు. ఆట సాగుతున్నంతసేపూ ఆయన ఒక పని చేశారు, అది నేను పక్కనే కూర్చున్నాను కనుక చూశాను. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లను, ‘మీ ఇంట్లో మందులు ఎవరికి కావాలి? పాలు ఎవరికి కావాలి?’ అని మెల్లగా అడిగి, అగ్గిపెట్టె అట్ట మీద రాసుకున్నారు. తెల్లవారేసరికి కుర్రవాళ్ల చేతిలో ఆ చీటీ ఉంది. ఎవరూ అడగవలసిన అవసరం రాలేదు.

ఇంకొకటి. తంబోలాలో 77 వస్తే ఆయన ఏమీ చెప్పేవారు కారు, ఉత్త అంకె మాత్రం పలికి బిళ్ల పక్కన పెట్టేవారు. మా పక్క వాటాలో ఉన్నావిడ పుట్టిల్లు దివిసీమ, 1977 నవంబరు ఉప్పెనలో అయినవాళ్లను పోగొట్టుకున్న మనిషి. ఆవిడ ఆటకు రాని ఆదివారం కూడా 77కు ఆయన మాట కట్టలేదు.

నెల్లూరు మేనల్లుడు:

ఆట వద్దని మొదట అన్నది నేనే, దానికి కారణం చెబుతాను. సంవత్సరీకం నాడు భోక్తలు లేచి, పిండప్రదానం ముగిసి, ఇంటివాళ్లు భోజనం చేసేసరికి సాయంత్రమవుతుంది. ఆ రోజు కర్తకు నియమాలు ఉంటాయి. ఆ రోజును ఆ రోజుగానే ఉంచాలని నా అభిప్రాయం, మామయ్యకూడా తన తల్లిదండ్రుల తద్దినాలు ఎంత నిష్ఠగా పెట్టేవారో నేను ఎరుగుదును. ఆ రోజు పేకముక్క ఇంట్లో బయటకు తీసేవారు కారు. అయితే తద్దినం దాటి వచ్చిన ఆదివారం మాత్రం తప్పకుండా పిల్లలందరినీ పోగుచేసేవారు, వాళ్ల నాయనమ్మ తాతయ్యల కథలు చెప్పి ఆడించేవారు. చిన్నబావ రాసిన వరుస ఇదే. కనుక ఆదివారానికి పెట్టుకోండి, నేను పినాకినిలో వస్తూ నెల్లూరు మలై కాజా తెస్తాను. పై వరుసకు అదే బహుమతి కదా ఎప్పుడూ.

మాంబళం మనవరాలు:

చిన్నాన్నా, మామయ్యా, ఇది అందరికీ సమ్మతమైన మార్గంలా ఉంది. సంవత్సరీకం మరునాడు కాకుండా ఆ తర్వాత వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు మా ఇంట్లోనే. నాయనమ్మతో మాట్లాడాను. ‘ఆయన సంచీ నా దగ్గరే ఉంది, బిళ్లలు నేను తీస్తాను’ అంది. అంటే ఆ రోజు ఆవిడ స్థానం వసారాలో, పెద్ద కుర్చీలో. అమ్మ పెట్టిన షరతు ప్రకారం ఫలహారం మనవలే చేస్తారు, గ్లాసులు కూడా మేమే తోముతాం. పద్దు పుస్తకంలో ఆఖరి పుటలో కుడివైపు ఆరుగురి పేర్లు ఉన్నాయి. మంచం పట్టాక ఆయన వెళ్లి చూడలేకపోయినవాళ్లు వీళ్లు. వాళ్లలో నలుగురి ఇళ్లకు తమ్ముడూ నేనూ వెళ్లి పిలిచి వచ్చాం. మిగిలిన ఇద్దరిని ఈ వారం కలుస్తాం.

77కు మేమూ ఏమీ చెప్పం.

బెంగళూరు మనవడు:

అక్కా, 90 అంకెల పట్టిక వేశాను. ఇక్కడ రాసినవి, పిన్నులు ఫోనులో చెప్పినవి కలిపితే చాలావరకు నిండింది. 37, 46, 71 దగ్గర ఎవరికీ ఏమీ తోచడం లేదు. 37కు ఆయన ఏదో చెప్పి నాయనమ్మ వైపు చూసేవారని మాత్రం గుర్తు.

మాంబళం మనవరాలు:

నాయనమ్మను అడిగాను. 37 అంటే ‘ఆవిడ ఇల్లు’ అనేవారట. పెళ్లయ్యాక కోడంబాక్కంలో వాళ్లు మొదట అద్దెకు దిగిన వాటా తలుపు నంబరు అది. ఒకటే గది, ఆ గదిలోనే మొదటి పచ్చీసు గుడ్డ నాయనమ్మ కుట్టిందట, పెట్టె అడుగున ఉన్న పాత పట్టు రవికె విప్పి. ఆ గుడ్డ ఇప్పుడు సైదాపేట అక్కయ్యగారి దగ్గర ఉందని కూడా చెప్పింది. ఆవిడను తీసుకువచ్చేటప్పుడు గుడ్డ కూడా తెమ్మని చెప్పాను.

46, 71 ఇంకా ఖాళీగా ఉన్నాయి. ఎవరికి గుర్తొచ్చినా ఆదివారంలోపు ఇక్కడే రాయండి.